కిటికీ బయట సాక్షి

ఆ ఎండాకాలం మా నాన్న ఒకే ఓటు రెండుసార్లు వేశాడు. మోసమేం కాదు, రెండుసార్లూ రూలు ప్రకారమే.

జబ్బు ఊరంతా పాకిన రోజులవి. వీధిలో ఎవరు దగ్గినా అటూ ఇటూ నాలుగిళ్ల తలుపులు మూసుకునేవి. మా ఇంట్లో దగ్గు కొత్తేం కాదు. నాన్నా బాబాయీ కలిసి ఏళ్ల తరబడి పిండిమర నడిపారు. "పంపకాల్లో మర తమ్ముడికి వెళ్లింది, ఊపిరితిత్తుల్లో చేరిన పిండి అన్నకి మిగిలింది" అని అమ్మ అంటూండేది. డాక్టరు ఫోన్లోనే తేల్చేశాడు: "ఈయనకి గనక అది సోకిందంటే నా చేతుల్లో ఏమీ ఉండదు. గడప దాటనివ్వకండి." అప్పట్నుంచీ నాన్నకి ముందుగది, ఆ గదికున్న వీధి కిటికీ, అవే లోకం.

బయటికెళ్లేది నేనొక్కదాన్నే. మందుల షాపులో నా ఉద్యోగం. జబ్బు ఊళ్లోకి వచ్చిందంటే ముందు మా కౌంటరు మీద చెయ్యి పెట్టకుండా ఎక్కడికీ పోదు. సాయంత్రం రాగానే పెరట్లోనే బట్టలు సబ్బునీళ్లలో పడేసి, తలమీంచి స్నానం చేసి, వెనకగదిలోకి దూరేదాన్ని. అమ్మ పళ్లెం గుమ్మంలో పెట్టి రెండడుగులు వెనక్కి వేసేది. కన్నకూతురి దగ్గర అలా వెనక్కి జరగాల్సి వచ్చినందుకు ఆవిడ మొహం చిన్నబోయేది. నేను పళ్లెంలోకే చూస్తూ తినేదాన్ని.

అలాంటి రోజుల్లో వార్డు ఎన్నికలు వచ్చిపడ్డాయి.

"ఈసారి ఓటూ లేదు గీటూ లేదు. నోరు మూసుకుని కూర్చోండి" అంది అమ్మ.

"ఓటు మానేశానంటే పోయినట్టే లెక్క. జాబితాలో పేరు కొట్టేయమని చెప్పు, కూర్చుంటాను" అన్నాడు నాన్న.

అదృష్టం కొద్దీ కొత్త రూలొకటి వచ్చింది. జబ్బుతో మంచాన ఉన్నవాళ్లూ పెద్దవాళ్లూ ఇంటినుంచే పోస్టులో ఓటు పంపొచ్చట. దరఖాస్తు పెట్టాం. బ్యాలెట్టూ, దాన్ని పెట్టే చిన్న కవరూ, ఆ కవర్ని పెట్టే పెద్ద కవరూ వచ్చాయి. పెద్ద కవరు మీద సాక్షి సంతకానికి చోటుంది గానీ, దాని పక్కనే "ఈసారికి అవసరం లేదు" అని ముద్ర కొట్టి ఉంది. నాన్న తలుపు మూసుకుని ఓటు వేశాడు. జిగురు పట్టిందో లేదోనని కవరు మీద నిఘంటువు పెట్టి, దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టి, సగం రోజు కాపలా కాశాడు. నేను పోస్టులో వేసొచ్చాను. అక్కడితో గండం గడిచిందనుకున్నాం.

కొన్నాళ్లకి ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఎవరో కోర్టుకి వెళ్లారట, సాక్షి లేకపోతే ఓటు చెల్లదని కోర్టు అందట. పాత కవర్లు పక్కన పడేశారు, కొత్తవి పంపుతున్నారు. సాక్షి అదే వార్డు ఓటరై ఉండాలి. అదే ఇంట్లో ఉండేవాళ్లు పనికిరారు. ఓటరు గుర్తు పెట్టడం సాక్షి కళ్లారా చూడాలి, ఎవరికి పెట్టాడో మాత్రం చూడకూడదు.

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం" అంది అమ్మ. "మనిషిని ఇంటికి రానివ్వద్దని ఒకళ్లు, మనిషి లేకపోతే చెల్లదని ఇంకొకళ్లు. ఇద్దరూ ప్రభుత్వమే!"

సాక్షి కోసం వెతుకులాట మొదలైంది. మేడమీద అద్దెకుండే మాస్టారు మెట్లమీంచే చేతులు జోడించాడు, ఆయన ఓటు సొంతూళ్లో ఉంది. ఎదురింటి టైలరు కుటుంబంతో సహా ఎక్కడికో వెళ్లిపోయి తలుపుకి తాళం వేలాడుతోంది. మూలమీది ఇంటావిడ తలుపు తీయకుండానే, "మందుల షాపులో పనిచేసే అమ్మాయివి కదూ? కోప్పడకు తల్లీ" అంది. కోపమెందుకు? ఆవిడ స్థానంలో ఉంటే నేనూ తీయను.

ఇక మిగిలింది గోడ పక్క ఇల్లు. బాబాయిది.

అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. ఇంతకుముందోసారి బాబాయి వార్డు ఎన్నికల్లో నిలబడి, కాస్తలో ఓడిపోయాడు. ఆ మర్నాడు మర దగ్గర పదిమందిలో ఎవరో "ఇంటి ఓట్లన్నా పడ్డాయా?" అని వేళాకోళమాడితే, నాన్న దాచుకోకుండా "నాది పడలేదు" అన్నాడు. అంతే. మర రెండు ముక్కలవకపోయినా మనుషులు రెండు ముక్కలయ్యారు. ఊళ్లోవాళ్లు మాత్రం బాబాయిని వెక్కిరింతగా "కౌన్సిలరుగారూ" అని పిలవడం మొదలుపెట్టి, చివరికి ఆ వెక్కిరింత మర్చిపోయి నిజంగానే ఆ పేరుతో పిలవసాగారు. వీధిదీపం వెలగకపోయినా ఆయనకే చెప్పేవాళ్లు. ఆయనా వెళ్లి ఎవరో ఒకరితో పోట్లాడి వెలిగించేవాడు.

"వాడి సంతకం నా కవరు మీద పడితే, ఓటు వేసినా వెయ్యనట్టే" అన్నాడు నాన్న.

అమ్మ లేచింది. బిందె తీసుకుని పెరట్లోకి వెళ్లింది. బిందెలో నీళ్లు నిండుగానే ఉన్నాయి. గోడ దగ్గర నుంచుని, "ఏమే, ఉన్నావా?" అంది. గోడ అవతల నుంచి పిన్ని గొంతు, "ఉన్నానక్కా, చెప్పు" అంది, అక్కడే కూర్చుని ఉన్నంత తొందరగా. మొగుళ్లు మాట్లాడుకోకపోతే తోడికోడళ్లు మానేశారని నేనెలా అనుకున్నానో!

మర్నాడు మర కట్టేశాక బాబాయి వచ్చాడు. కనుబొమల మీద పిండి అలాగే ఉంది. మూతికి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు. అమ్మ అరుగు మీద సుద్దముక్కతో గీత గీసి, "ఇది దాటకండి మరిదిగారూ, మీకు దణ్ణం పెడతాను" అంది. లోపల నాన్న కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాడు. నేను అరుగు చివర, ఇద్దరికీ మధ్య.

"మీ నాన్నని మొదలుపెట్టమను" అన్నాడు బాబాయి నాతో.

"ముందు ఖాళీ బ్యాలెట్టు సాక్షికి చూపించాలి. చూడమను" అన్నాడు నాన్న, అదీ నాతోనే.

"చూశానని చెప్పు."

"చూసినవాడు ఇప్పుడు అటు తిరగాలి."

"అటు తిరిగితే గుర్తు పెట్టాడో లేదో నాకెలా తెలుస్తుంది? చెయ్యి చూస్తాను, కాగితం చూడను. రూలు నేనూ చదివాను."

నాన్న కాసేపు ఆలోచించి, గోడకున్న క్యాలెండరు తీసి బ్యాలెట్టుకి అడ్డంగా నిలబెట్టాడు. దాని వెనక చెయ్యి కదలడం మొదలైంది. అంతలో దగ్గు తెర వచ్చింది. ఒకటి ఆగకుండానే ఇంకొకటి. క్యాలెండరు కింద పడింది. నాన్న ఒక చేత్తో బ్యాలెట్టు కప్పుకుని, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. బాబాయి ఒక్క అంగలో కిటికీ దగ్గరికొచ్చి చువ్వలు పట్టుకున్నాడు.

"గీత! గీత!" అని అమ్మ లోపల్నుంచి కేక పెట్టింది.

బాబాయి చేతులు కాలినట్టు వెనక్కి లాక్కుని గీత అవతలికి వెళ్లాడు. దగ్గు తగ్గేదాకా ఎవరమూ కదల్లేదు.

"బాగోలేదని విన్నాను గానీ, ఇంతగా ఉందని తెలీదు" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో, తనతో తనే అనుకున్నాడో.

నాన్న నీళ్లు తాగి, గుర్తు పెట్టి, చిన్న కవరు అంటించి, దాన్ని పెద్ద కవర్లో పెట్టి అదీ అంటించి, చువ్వల్లోంచి నాకిచ్చాడు. నేను దాన్ని అరుగు మీద పెట్టి వెనక్కి జరిగాను. బాబాయి వంగి తీసుకుని, గోడకి ఆనించి సంతకం చేశాడు. పేరు, చిరునామా రాశాడు. పెన్ను ఆగింది.

"ఇక్కడ 'ఓటరుతో సంబంధం' అని ఉంది. ఏం రాయమంటాడో అడుగు."

నేను నాన్న వైపు తిరిగాను. ఆయన నా మొహం చూడలేదు. కిందపడ్డ క్యాలెండరు తీసి, మేకు కోసం గోడ తడుముతున్నాడు.

"తమ్ముడని రాయరా" అన్నాడు. "ఒత్తు కనబడేలా రాయి. చదవలేక దీన్నీ పక్కన పడేస్తారు."

బాబాయి రాశాడు. కవరు అరుగు మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అమ్మ తడిగుడ్డ తెచ్చి సుద్దగీత తుడవబోయి, ఎందుకో మానేసి లోపలికి వెళ్లింది.

పోస్టుని నమ్మే రోజులు కావు. పక్క వీధికి రాసిన ఉత్తరం వారానికి చేరుతోంది. గడువు లోపల చేరితేనే లెక్క, బయల్దేరింది ఎప్పుడన్నది ఎవరికీ పట్టదు. అందుకని కవరు నేనే మునిసిపల్ ఆఫీసుకి పట్టుకెళ్లాను. గేటు దగ్గరుంటుందన్న పెట్టె లేదు. "జనం గుమిగూడుతున్నారని తీసేశాం, వెనక కిటికీకి వెళ్లు" అన్నాడు వాచ్‌మన్. వెనక కిటికీ మూసి ఉంది. నా వెనక చేతికర్రతో ఒక పెద్దావిడ, ఆవిడ వెనక చంటిపిల్లతో ఒకతను. ఎవరైనా తుమ్మితే వరస మొత్తం పాములా మెలి తిరిగేది. కిటికీ తెరుచుకున్నాక, లోపలి గుమస్తా పట్టకారుతో కవరు అందుకుని, సాక్షి పేరు వేలు పెట్టి చదివాడు.

"తమ్ముడా? ఒకే ఇల్లు కాదుగా?"

"కాదండీ. మధ్యలో గోడుంది."

"గోడుంటే సరే" అని కవర్ని పెట్టెలో వేశాడు.

ఆ వారం నేను పడుకున్నా లేచినా అదే ధ్యాస. మళ్లీ ఎవరైనా కోర్టుకెళ్తే? మళ్లీ రూలు మారితే? నాన్న ఎన్నికల ఆఫీసుకి రోజూ ఫోన్ చేసేవాడు. అక్కడ ఫోనెత్తే అమ్మాయికి ఆయన గొంతు కంటే ముందు దగ్గే గుర్తొచ్చేది. "మీదే కదా అంకుల్, భద్రంగా ఉంది. మీరు మందులేసుకోండి" అనేది.

కవరు భద్రంగానే ఉంది. మనిషే భద్రంగా లేడు. ఓ పొద్దున నేను షాపుకి బయల్దేరుతుంటే గోడ మీంచి పిన్ని గొంతు వినబడింది. ఎప్పుడూ "అక్కా" అని మొదలుపెట్టే మనిషి, ఆ రోజు నేరుగా, "ఆయనకి జ్వరం. ఊపిరాడ్డంలేదు" అంది.

అంబులెన్సు వచ్చేసరికి వీధి మొత్తం కిటికీల్లో ఉంది, వీధిలో మాత్రం పురుగు లేదు. బాబాయి నడిచే వచ్చి ఎక్కాడు. ఎక్కేముందు మా కిటికీ వైపు చూసి చెయ్యెత్తాడు. కౌన్సిలరు చెయ్యెత్తినట్టే ఎత్తాడు, జనానికి. పిన్నీబాబాయిలకి పిల్లల్లేరు. నా చిన్నప్పుడు బడి నుంచి మరకొస్తే, తూకం పళ్లెంలో కూర్చోబెట్టి నా బరువు చూసి, "ఇంకా పెరగలేదే నువ్వు!" అని దించేవాడు. అంబులెన్సు తలుపు మూసుకున్నాక నాకు ఆ మాటే చెవిలో తిరిగింది.

మేమంతా ఇంటి దగ్గరే పరీక్ష చేయించుకున్నాం. ఎవరికీ లేదు. అయినా నాన్న ఆ సాయంత్రం నన్ను కిటికీ బయట నిలబెట్టి అడిగాడు.

"ఇక్కడికొచ్చే అంటించుకున్నాడంటావా?"

"మరకి రోజూ ఎంతమంది వస్తారు నాన్నా! ఎక్కడ అంటుకుందో ఎవరు చెప్పగలరు?"

"నాకోసం రాకుండా ఉంటే ఆ ఒక్క చోటూ తగ్గేదిగా" అన్నాడు.

నేను తడిగుడ్డ తెచ్చి, బాబాయి పట్టుకున్న చువ్వలు మరోసారి తుడిచాను.

ఆస్పత్రిలోకి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. ఒక నర్సు రోజుకోసారి ఫోన్లో బాబాయి మొహం చూపించేది. పిన్ని మాట్లాడాక మా ఫోన్‌కి చేస్తే అమ్మ, అమ్మ తర్వాత కిటికీ చువ్వల బయట నుంచి నేను. నాన్న పక్కనే కూర్చుని వినేవాడు గానీ ఫోన్ అందుకునేవాడు కాదు. ఎన్నికలు దగ్గరికొచ్చాక ఓ రోజు తనే చెయ్యి చాపాడు.

తెరమీద బాబాయి మొహం సగం ఆక్సిజన్ మాస్కే. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"అన్నయ్యా" అన్నాడు బాబాయి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ఆ రోజు... నిజంగానే... నాకు వెయ్యలేదా?"

"వెయ్యలేదు" అన్నాడు నాన్న. "నువ్వు గెలిస్తే మర మూసేసి ఊరి పనుల మీద తిరుగుతావని భయమేసింది. నేనొక్కణ్ణీ నడపలేను. అప్పటికే ఆయాసం మొదలైంది. నీకు చెప్పలేదు."

బాబాయి కళ్లు మూసుకున్నాడు. నవ్వుతున్నాడని మాకు కాసేపటిగ్గానీ తెలీలేదు.

"గెలిచుంటే... మూసేసేవాణ్ణే" అన్నాడు. తర్వాత, "ఈసారి నా ఓటు పోయింది. పోలింగు బూతుకెళ్లి వేద్దామనుకున్నా."

"పోదు. నువ్వు పడుకో" అన్నాడు నాన్న.

ఫోన్ పెట్టేసి ఎన్నికల ఆఫీసుకి చేశాడు. పోస్టు ఓటుకి దరఖాస్తు గడువు దాటిపోయిందని ఆ అమ్మాయి చెప్పింది. నాన్న వినలేదు. "అమ్మా, నా ఓటు నిలబెట్టడానికి వచ్చినవాడు. వాడి ఓటు ఎలా పోతుందమ్మా? నువ్వు పుస్తకం తియ్యి. ఎక్కడో ఉంటుంది." ఆయాసంతోనే గొడవపడ్డాడు. తిట్టలేదు, బతిమాలలేదు, ఫోన్ మాత్రం పెట్టలేదు. ఆ అమ్మాయి విసుక్కోకుండా పైవాళ్లనడిగి మళ్లీ చేసింది. గడువు తర్వాత ఆస్పత్రిలో చేరినవాళ్లకి వేరే ఏర్పాటుందట. దగ్గరి బంధువు వెళ్లి బ్యాలెట్టు తీసుకుని, ఓటు వేయించి, పోలింగు ముగిసేలోగా తిరిగి అప్పజెప్పాలి. ఆస్పత్రిలో డాక్టరో నర్సో సాక్షి ఉంటే చాలు.

బాబాయికి జబ్బని తేలింది కాబట్టి పిన్ని ఇంట్లోంచి కదలడానికి లేదు. దగ్గరి బంధువంటే ఇక నేనే.

పోలింగు రోజున బ్యాలెట్టు పట్టుకుని ఆస్పత్రి గేటు దగ్గరికెళ్తే, గార్డు ఆపేశాడు. "బయటి కాగితం లోపలికి వెళ్లకూడదు." ఎన్నికల కాగితమన్నాను. "జబ్బుకి ఎన్నికలేంటమ్మా" అన్నాడు. రోజూ ఫోన్ చూపించే నర్సుకి ఫోన్ చేశాను. నిలువెల్లా తెల్లటి తొడుగులో ఎవరో వచ్చారు. కళ్లు తప్ప ఏమీ కనబడని ఆ మనిషి ఆవిడేనని గొంతు విన్నాకే తెలిసింది. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో వేసుకుని లోపలికెళ్లింది.

నేను గేటు బయట వేపచెట్టు నీడలో నుంచున్నాను. నీడ జరిగింది, నేనూ జరిగాను. అంబులెన్సులు వస్తున్నాయి. లోపల ఆయన పెన్ను పట్టుకోగలడో లేదో, పట్టుకున్నా అంతలో ఆయాసం వస్తే ఆవిడ కాగితం చూస్తుందా మనిషిని చూస్తుందా, ఇవన్నీ ఇంటి దగ్గర ఎవరికీ తట్టలేదు. ఓటు కోసం ఆయన్ని కదిలించడం తప్పేమోనని భయమేసి, వద్దని చెప్పడానికి ఫోన్ తీశాను కూడా. అప్పుడే నర్సు బయటికొచ్చింది.

"కూర్చోబెట్టమన్నారు. పడుకుని వెయ్యనన్నారు" అంది. "మాస్కు కాసేపు పక్కకి జరపనా అంటే, నేను కాగితం చూడకుండా ఆయన మొహమే చూస్తున్నానని కళ్లతో నవ్వారు. వేశారు. నేను సంతకం పెట్టాను."

కవరున్న సంచి మీద మందు కొట్టి నా చేతికిచ్చింది. గడువు లోపలే అప్పజెప్పాను. పట్టకారు గుమస్తా ఈసారి ఏమీ అడగలేదు.

పోస్టు ఓట్లు ఆఖర్న లెక్కపెడతారు. ఆ రోజు రాకముందే, ఆస్పత్రి నుంచి పిన్నికి ఫోన్ వచ్చింది. గోడ అవతల నుంచి ఏడుపు వినబడలేదు. ఏదో వస్తువు కిందపడ్డ చప్పుడు, అంతే. మనిషిని ఇంటికి ఇవ్వలేదు. కడసారి ఫోన్లోనే చూపించారు.

రెండు రోజులు నాన్న కిటికీ దగ్గర్నుంచి లేవలేదు. మూడో రోజు పొద్దున్న ఎన్నికల ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి గొంతు గుర్తుపట్టి, "అంకుల్, మీ తమ్ముడుగారికి ఎలా ఉంది?" అంది.

"లేడమ్మా" అన్నాడు. "వాడి ఓటు తీసేస్తారా?"

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

"వేసిన రోజున ఉన్నారు కదా అంకుల్. చెల్లుతుంది. ఇవాళే తెరుస్తున్నారు."

నాన్న ఫోన్ చువ్వల్లోంచి నాకిచ్చి లేచాడు. మాస్కు కట్టుకున్నాడు. అలమారలోంచి చిన్న రేడియో తీసి చంకన పెట్టుకుని, తలుపు గడియ తీశాడు. అన్ని నెలల తర్వాత ఆయన గడప దాటడం అదే మొదలు. నేను అమ్మ వైపు చూశాను. ఆపలేదావిడ. చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది.

మా గేటు నుంచి వాళ్ల గేటుకి ఉన్న దూరం పసిపిల్లలు పరిగెత్తి ముట్టుకునేంత. నాన్న మధ్యలో గోడ పట్టుకుని ఆగి, మళ్లీ నడిచాడు. నేను కాస్త ఎడంగా వెనకే వెళ్లాను. బాబాయి వాళ్ల అరుగు మీద కూర్చుని, ఆయాసం తీరాక తలుపు వైపు తిరిగి అన్నాడు.

"అమ్మా, మనవాడి ఓటు లెక్కపెడుతున్నారు. ఇక్కడ కూర్చుని విందామని వచ్చాను."

పిన్ని తలుపు తీసి గుమ్మంలోనే నేలమీద కూర్చుంది. రేడియోలో వార్డుల వారీగా అంకెలు చదువుతున్నారు. మా వార్డు వచ్చింది. పోస్టులో ఈయనకి ఇన్ని, ఆయనకి అన్ని, చెల్లనివి ఇన్ని.

"వీటిల్లో ఆయనది ఏదండీ బావగారూ?" అంది పిన్ని.

"తెలీదమ్మా" అన్నాడు నాన్న. "తెలియకూడదు కూడా."

పిన్ని తలూపింది. కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికెళ్లి కుర్చీ తెచ్చి, అరుగు మీద కూర్చోవద్దంటూ ఆయన పక్కన వేసింది. అప్పటికే అమ్మ మా గేటు తెరిచి పెట్టేసి, ఇటే వస్తోంది.